చంటిబిడ్డను చూసుకోబోయే అమ్మమ్మ, మామ్మ, తాతయ్యలకు సమగ్ర మార్గదర్శి

కూతురో కోడలో కాన్పు సెలవు ముగించుకుని మళ్లీ ఉద్యోగానికి వెళ్లే రోజు దగ్గరపడుతుంటే, "బిడ్డను మా దగ్గర వదిలి వెళ్లమ్మా, మేం చూసుకుంటాం" అన్న మాట మన ఇళ్లలో ఎంతో సులువుగా నోట వస్తుంది. ఆ మాట వెనక ఉన్న ప్రేమను నేను శంకించను. అయితే వారానికి ఆరు రోజులు, రోజుకు తొమ్మిది పది గంటలు ఒక పసిప్రాణానికి పూచీ పడడం, సంక్రాంతికి వచ్చిన మనవణ్ణి రెండు గంటలు ఎత్తుకుని ఆడించడం ఒకటి కావు. కోనసీమలోని మా ఊళ్లో మా అమ్మాయి బిడ్డను అయిదో నెల నుంచి రెండేళ్లు నిండేవరకు నేనూ మావారూ చూసుకున్నాం. ఇద్దరు పిల్లల్ని పెంచినదాన్ని, కొత్తగా తెలుసుకోవలసిందేముందన్న ధీమాతో మొదలుపెట్టిన నాకు, వైద్యులు చెప్పే జాగ్రత్తలు ఈ ముప్ఫై ఏళ్లలో ఎంత మారాయో, నా మోకాళ్లు ఎంత మారాయో మొదటి నెలలోనే తెలిసివచ్చింది. బిడ్డ ఇంటికి రాకముందే రెండు నెలలు కేటాయించి సిద్ధం కావాలని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొదటి అడుగు: సెలవు లెక్క చూసుకుని, ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవడం

2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టంలో ఉండి, ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్ అనే చట్టంలో చేరిన నియమాల ప్రకారం, దాని పరిధిలోకి వచ్చే ఉద్యోగినికి మొదటి ఇద్దరు బిడ్డల కాన్పులకు 26 వారాల చొప్పున జీతంతో కూడిన సెలవు లభిస్తుంది. అందులో 8 వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. అంటే తల్లి మళ్లీ విధుల్లో చేరే రోజుకు బిడ్డకు నాలుగు నెలలు దాటి ఉంటాయి, ఆరు నెలలు నిండీ నిండకుండా ఉంటాయి. మెడ అప్పుడప్పుడే నిలిచిన, తల్లిపాలు తప్ప మరేదీ రుచి చూడని బిడ్డ మీ చేతికి వస్తుందని దీని అర్థం. అదే చట్టం బిడ్డకు 15 నెలలు వచ్చేవరకు తల్లికి పనివేళల్లో రోజుకు రెండు పాల విరామాలు ఇవ్వాలని చెబుతోంది. ఆఫీసు దూరమై ఇంటికి రాలేని తల్లి ఆ విరామాల్లో పాలు పిండి భద్రపరచుకోవచ్చు. ఈ హక్కు సంగతి మన అమ్మాయిలలో చాలామందికి తెలియదు, మీరే గుర్తుచేయండి.

బిడ్డను ఏ వేళకు దింపుతారు, ఏ వేళకు తీసుకువెళతారు, ఆదివారం ఎవరిది, మీకు ఒంట్లో బాగాలేని రోజున ఎవరు వస్తారు అన్నవి ముందే తేల్చుకోవాలి. వ్యవసాయం ఉన్న ఇళ్లలో సార్వా ఊడ్పులప్పుడు, దాళ్వా కోతలప్పుడు తాతయ్య పొద్దున్నే చేనికి వెళితే మళ్లీ చీకటి పడ్డాకే ఇల్లు చేరతాడు. ఆ రోజుల్లో బిడ్డ భారం మామ్మ ఒక్కతె మీదే పడుతుంది కనుక, వంటకో బట్టలకో ఎవరినైనా ముందే మాట్లాడి పెట్టుకోవడం మంచిది.

అన్నిటికన్నా కష్టమైన మాట, నిర్ణయం ఎవరిదన్నది. ఏం పెట్టాలి, ఏ డాక్టరుకు చూపించాలి, ఏ మందు వేయాలి అనేవి తల్లిదండ్రుల నిర్ణయాలు. ఎంత బాధ అనిపించినా దీన్ని ఒప్పుకోవాలి. "మేం పెంచలేదా, మీరు బతకలేదా" అన్న మాట కోడలి దగ్గర ఒక్కసారి జారితే ఆ తరువాత ఆ అమ్మాయి మనసులోని అనుమానాన్ని మనతో చెప్పదు, మనకు తెలియకుండా భయపడుతూ ఆఫీసులో కూర్చుంటుంది. మాట కలవని చోట ఇద్దరూ కలిసి పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లి, ఆయన ఏం చెబితే అది పాటించండి. మా ఇంట్లో ఆముదం తాగించే విషయం అలాగే తేలింది. నేను ఓడిపోయాను, అదీ మంచిదే అయింది.

రెండో అడుగు: మీ ఒంటి సంగతి

బిడ్డ రావడానికి నెల ముందు ఇద్దరూ బీపీ, షుగరు, కంటిచూపు పరీక్ష చేయించుకోండి. శుక్లం ముదిరి ఉంటే ఆపరేషన్ ఇప్పుడే చేయించుకోవాలి, బిడ్డ పాకడం మొదలుపెట్టాక తీరిక దొరకదు. షుగరుకు మాత్రలో ఇన్సులినో వాడుతున్నవారు బిడ్డ గొడవలో పడి భోజనం వేళ తప్పితే షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి, అప్పుడు చేతిలో బిడ్డ ఉంటే ప్రమాదం ఇద్దరికీ. కాబట్టి బిడ్డకు పాలు పట్టే వేళ ఎంత ముఖ్యమో మీరు తినే వేళా అంతే ముఖ్యం. అందుబాటులో ఒక డబ్బాలో బెల్లం ముక్కో పంచదారో ఉంచుకోండి.

రెండు వారాలకు మించి దగ్గు ఉంటే క్షయ ఉందేమోనని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కళ్లె పరీక్ష చేయించుకోకుండా బిడ్డను దగ్గరకు తీసుకోవద్దు. పెద్దలకు మామూలు దగ్గులా వచ్చే కోరింత దగ్గు నెలల బిడ్డకు ప్రాణాంతకం కావచ్చు. దానికి పెద్దలు వేయించుకునే బూస్టర్ టీకా, ఏటా వేసుకునే ఫ్లూ టీకా గురించి మీ డాక్టరును అడిగి, బిడ్డ రావడానికి కనీసం రెండు వారాల ముందే వేయించుకోండి. ఇక చుట్ట, బీడీ, సిగరెట్టు. అరుగు మీద కూర్చుని కాల్చి వచ్చినా ఆ పొగ బట్టల్లో, మీసాల్లో అంటుకునే ఉంటుంది. మనవడి కోసం మానేయగలిగితే అంతకన్నా మంచిది లేదు. మానలేకపోతే బయట కాల్చి, నోరూ చేతులూ కడుక్కుని చొక్కా మార్చుకున్నాకే బిడ్డను తాకాలి. పురుగుమందు కొట్టి వచ్చిన రోజు స్నానం చేశాకే.

మూడో అడుగు: ఇంటిని బిడ్డ కళ్లతో చూడడం

ఒక రోజు మధ్యాహ్నం మోకాళ్ల మీద కూర్చుని, చేతులు నేలకు ఆనించి, మీ ఇల్లంతా ఒకసారి తిరగండి. ఆ ఎత్తు నుంచి చూస్తే కత్తిపీట, మంచం కింద చింతపిక్కలు, ప్లగ్గు రంధ్రాలు, వేలాడే ఇస్త్రీపెట్టె తీగ, గోడవార ఎలుకల మందు అన్నీ కంటికి ఎదురుగా కనిపిస్తాయి.

మన ప్రాంతంలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం నీరు. ఇంటి ముందు కాలువ, పక్కన పంట బోదె, వెనక చేపల చెరువో రొయ్యల చెరువో, దొడ్లో నుయ్యి, నూతి పక్కన గోలెం, స్నానాల గదిలో బకెట్టు. పాకే బిడ్డకు చెరువే అక్కర్లేదు, బకెట్టులో జానెడు నీళ్లు చాలు. బిడ్డకు ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ కనుక, అంచు పట్టుకుని లోపలికి వంగితే తల ముందుకు పడుతుంది, తిరిగి లేవలేదు, అరుపూ వినిపించదు. వాడిన వెంటనే బకెట్లు బోర్లించాలి, గోలేనికి బరువైన మూత వేయాలి, నూతికి ఇనుప జాలీ బిగించాలి. వసారా నుంచి దొడ్లోకి, వీధి గుమ్మం నుంచి కాలువ రేవు వైపు బిడ్డ వెళ్లగల ప్రతి దారికీ గడియ ఉన్న అడ్డ గేటు పెట్టించండి. మేము మొదట తాటాకు తడిక కట్టాం. మనవడికి పదో నెల వచ్చేసరికి దాన్ని పట్టుకుని లేచి నిలబడి ఊపడం మొదలుపెట్టాడు. వెంటనే వడ్రంగిని పిలిపించి చెక్క గేటు చేయించాం. గేటు ఉంది కదా అని కళ్లు తిప్పుకోకూడదు. ఫోను మోగితే బిడ్డను చంకనేసుకుని వెళ్లి మాట్లాడండి.

రెండోది మాత్రలు. ఎనిమిదో నెలలో ఒక రోజు మనవడు తాతయ్య పక్క మీద ఆడుకుంటుంటే నేను పప్పు కట్టేసి వద్దామని వంటింట్లోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి వాడి నోట్లో షుగరు మాత్రల అట్ట ఉంది, ఒక మూల చిగుళ్లతో నమిలి రేకు చిరిగి ఉంది. మాత్రలు లెక్కపెట్టుకుంటుంటే నా చేతులు వణికాయి. అన్నీ ఉన్నాయి. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి షుగరు మాత్ర ఒక్కటి మింగినా పసిబిడ్డ షుగరు ప్రాణం పోయేంతగా పడిపోవచ్చని తరువాత మా డాక్టరు చెప్పాడు. తలగడ కింద, కిటికీ గూట్లో, చీర చెంగు ముడిలో మాత్రలు పెట్టుకునే అలవాటు ఆ రోజుతో పోయింది. ఇప్పుడు అన్నీ బీరువా పై అరలో తాళం కింద ఉంటాయి. పురుగుమందు, కిరోసిన్, ఫినాయిలు ఏ పరిస్థితిలోనూ కూల్‌డ్రింకు సీసాల్లో పోయవద్దు. బిడ్డ అటువంటిదేదైనా తాగితే వాంతి చేయించకుండా, సీసాతో సహా ఆసుపత్రికి పరుగెత్తండి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. కొబ్బరిచెట్టు కింద ఉయ్యాల కట్టకూడదు, చాప వేయకూడదు. గాలి లేని రోజున కూడా కాయ రాలుతుంది. చేలగట్ల పక్కన ఉన్న ఇళ్లలో వానాకాలం రాత్రులు కట్లపాము ఇంట్లోకి వస్తుంది కనుక బిడ్డను నేల మీద పడుకోబెట్టవద్దు. గురివింద గింజల దండలు, గలగలలాడే గింజల బొమ్మలు ఇంట్లో ఉంచవద్దు. ఆ గింజ విషం. నాలుగు చక్రాల వాకరు కొనవద్దు, దానివల్ల నడక త్వరగా రాదు, గుమ్మం మెట్ల మీద నుంచి పడడం మాత్రం ఖాయం.

నాలుగో అడుగు: పిండి పెట్టిన పాలు

ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు తల్లిపాలే, మంచినీళ్లు కూడా వద్దు. మన ఎండలకు ఈ మాట వినగానే పెద్దవాళ్ల ప్రాణం విలవిలలాడుతుంది, కానీ తల్లిపాలలో కావలసినంత నీరు ఉంది. తేనె ఏడాది నిండేవరకు నాలుకకు రాయను కూడా రాయకూడదు. అందులో ఉండగల ఒక రకం సూక్ష్మక్రిమి విత్తనాలు పసిబిడ్డ పేగులో మొలిచి కండరాలను చచ్చుబడేలా చేస్తాయి. ఆవుపాలు, గేదెపాలు ఏడాదిలోపు ప్రధానమైన పాలుగా పనికిరావు, ఎంత చిక్కటి గేదెపాలైనా సరే. తల్లిపాలు చాలకపోతే ఏం చేయాలో డాక్టరే చెప్పాలి.

తల్లి లేని సమయానికి గంటకు 30 నుంచి 45 మిల్లీలీటర్ల లెక్కన పాలు సిద్ధంగా ఉండాలి. తొమ్మిది గంటలకు సుమారు 270 నుంచి 400 మిల్లీలీటర్లు అవుతాయి. 60 మిల్లీలీటర్ల చొప్పున చిన్న చిన్న స్టీలు లేదా గాజు పాత్రల్లో పోసి, మూత మీద తేదీ, వేళ రాసిన కాగితం అంటించండి. ఫ్రిజ్జులో తలుపు దగ్గర కాకుండా వెనక భాగంలో పెడితే 4 రోజులు ఉంటాయి. బయట ఉంచితే 4 గంటలు అని చెప్పేది 25 డిగ్రీల లోపు గదికి మాత్రమే. మన ఊళ్లలో మే నెల మధ్యాహ్నాలు అలా ఉండవు కాబట్టి పిండిన వెంటనే ఫ్రిజ్జులో చేర్చాలి. కరెంటు పోయినప్పుడు ఐస్‌ప్యాక్‌లు పెట్టిన థర్మాకోల్ డబ్బాలోకి మార్చండి. అందుకోసం రెండు ఐస్‌ప్యాక్‌లు డీప్ ఫ్రిజ్జులో ఎప్పుడూ గడ్డకట్టి ఉండాలి.

ఫ్రిజ్జు లోంచి తీసిన పాలు పైన మీగడలా తేలి, కింద నీళ్లలా పలచగా కనిపిస్తాయి. విరిగిపోయాయనుకుని మొదటి రోజే రెండు గిన్నెలు పారబోశాను. సాయంత్రం ఆ మాట విని మా అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది, ఆఫీసులో విరామం దొరకక ఆ పాలు ఎంత కష్టపడి పిండిందో అప్పుడు చెప్పింది. అవి విరగలేదు, కొవ్వు విడిపోయింది, అంతే. గిన్నెను నెమ్మదిగా గుండ్రంగా తిప్పితే మళ్లీ కలిసిపోతాయి. పొయ్యి మీద కాచవద్దు, మైక్రోవేవ్‌లో పెట్టవద్దు. గోరువెచ్చని నీళ్లు పోసిన గిన్నెలో పాలపాత్రను కాసేపు నిలబెట్టి, మణికట్టు లోపలి వైపు ఒక చుక్క వేసుకుని చూసి పట్టండి. బిడ్డ తాగగా మిగిలినవి 2 గంటల్లో వాడాలి, లేకపోతే పారబోయాలి.

సీసా, పాలపీక కన్నా మన ఉగ్గుగిన్నె ఎంతో మేలు. కడగడం సులువు, మూలల్లో పాలు పేరుకుని కుళ్లవు, పీకకు అలవాటుపడిన బిడ్డ తల్లి రొమ్మును కాదనే ఇబ్బంది ఉండదు. బిడ్డను ఒళ్లో దాదాపు కూర్చున్నట్టుగా ఆనించుకుని, గిన్నె ముక్కును కింది పెదవి మీద ఆనించి కొద్దికొద్దిగా వంచండి. బిడ్డే నాలుకతో అందుకుంటుంది. గొంతులోకి పోయకూడదు. ఉగ్గుగిన్నెను ప్రతిసారీ సబ్బుతో కడిగి, రోజుకు ఒకసారైనా పది నిమిషాలు నీళ్లలో మరిగించాలి. ఈ పద్ధతి బిడ్డకు అలవాటు కావడానికి వారం పదిరోజులు పడుతుంది, అందుకే తల్లి ఇంట్లో ఉండగానే మొదలుపెట్టాలి.

అయిదో అడుగు: నిద్ర, నీళ్లు పోయడం

పడుకోబెట్టినప్పుడల్లా వెల్లకిలా, గట్టి పరుపు మీద, విడిగా. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండుతో సహా ఏ దిండూ, మెత్తటి బొంతా, బొమ్మా పక్కలో ఉండకూడదు. ముఖం వాటిలో కూరుకుపోతే ఊపిరి ఆడదు. చీరతో కట్టిన ఉయ్యాలలో జోకొట్టడం మనకు ప్రాణప్రదమైన ఆచారం, నేనూ మానలేదు, అయితే నిద్ర పట్టగానే తీసి మంచం మీదకు మార్చాను, ఎందుకంటే గుడ్డ ఉయ్యాలలో గడ్డం రొమ్మును తాకేలా మెడ వంగి ఊపిరికి అడ్డం పడవచ్చు. దోమలకు దోమతెర ఒక్కటే సరైనది. మస్కిటో కాయిల్ పొగ, సాంబ్రాణి పొగ పసి ఊపిరితిత్తులకు హాని చేస్తాయి.

కాళ్లు చాపి బిడ్డను వాటి మీద వేసుకుని నీళ్లు పోసే పద్ధతి ఇప్పటికీ మంచిదే, మీ నడుము ఒప్పుకుంటే. మోచేత్తో నీళ్ల వేడి చూడాలి. నువ్వుల నూనెతోనో కొబ్బరి నూనెతోనో ఒళ్లంతా మెల్లగా మర్దన చేయవచ్చు, కానీ ముక్కులో, చెవిలో నూనె చుక్క వేయకూడదు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది. కాటుకలో సీసం ఉండే అవకాశం ఉంది, కంటికి పెట్టవద్దు. దిష్టి కోసమైతే అరికాలిలో చుక్క పెట్టినా బిడ్డ కాలు నోట్లో పెట్టుకుంటుందని గుర్తుంచుకోండి.

ఆరో అడుగు: ఆరు నెలలు నిండాక ఉగ్గు

బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి పొడి కొట్టి, మెత్తగా ఉడికించి, చిన్న చెంచాడు నెయ్యి వేసిన ఉగ్గుతో మొదలుపెట్టవచ్చు. చెంచా వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. పలచటి జావతో పొట్ట నిండుతుందే కాని బలం రాదు. రెండు మూడు చెంచాలతో మొదలై, ఎనిమిదో నెల వరకు రోజుకు రెండు మూడుసార్లు, తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగుసార్లు పెట్టాలి, తల్లిపాలు కొనసాగుతూనే ఉండాలి. చిదిమిన చక్కెరకేళి, ఉడికించిన గుమ్మడికాయ, పూర్తిగా ఉడికిన గుడ్డు, ముల్లు ఒక్కటి లేకుండా వేళ్లతో నలిపి చూసిన చేప ఒక్కొక్కటిగా చేర్చండి. ఏడాది వరకు ఉప్పు, పంచదార, బెల్లం వద్దు. ఇది మామ్మలకు మింగుడుపడదు. చప్పగా ఉందని అనిపించేది మన నాలుకకే, బిడ్డకు ఉప్పు రుచి ఇంకా తెలియదు. ఆరో నెల నుంచి ఐరన్ సిరప్ కోసం ఆశా కార్యకర్తను అడగండి.

వేరుశనగ గింజలు, పచ్చికొబ్బరి ముక్క, పనసతొన, గుండ్రటి ద్రాక్షపండు గొంతుకు అడ్డం పడతాయి. బిడ్డ దగ్గుతూ ఏడుస్తూ ఉంటే దగ్గనివ్వండి. శబ్దం రాక, రంగు మారుతుంటే వెంటనే ముంజేతి మీద బోర్లా వేసి, తల కిందికి ఉండేలా గడ్డాన్ని పట్టుకుని, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి మొదలుతో 5 సార్లు గట్టిగా చరచండి. తరువాత వెల్లకిలా తిప్పి ఛాతీ నడిమి ఎముక మీద 5 సార్లు నొక్కండి. వస్తువు బయటపడేవరకు ఇలా మార్చి మార్చి చేస్తూ ఇంకొకరి చేత 108కి ఫోను చేయించండి. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలికితే అది ఇంకా లోపలికి పోతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మను అడిగి, ఒక బొమ్మ మీద ఇది ఇద్దరూ చేసి చూడండి, చదివితే రాదు.

ఏడో అడుగు: జబ్బు చేసినప్పుడు

పాలు తాగకపోవడం, పిలిచినా పలకని మత్తు, ఫిట్స్, ఊపిరి తీసినప్పుడు డొక్క లోపలికి పోవడం, ఏది పట్టినా వాంతి కావడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తల్లి వచ్చేవరకు ఆగకూడదు. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు ఒక నిమిషం పూర్తిగా శ్వాస లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు నిమిషానికి 50 లేదా అంతకు మించితే అది ప్రమాద సూచన. విరేచనాలైతే లీటరుకు సరిపడే ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు ఒకదాన్ని సరిగ్గా ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి చెంచాతో పట్టాలి, సగం ప్యాకెట్టు సగం గ్లాసు లెక్కలు వద్దు. డాక్టరు చెప్పిన జింకు 14 రోజులూ వేయాలి. 4 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023లో చెప్పిన జలుబు సిరప్‌ల రకాలు ఉన్నాయి, కనుక పోయినసారి మిగిలిన సీసా, పక్కింటి పిల్లాడి సీసా వాడవద్దు.

టీకాల కార్డు మీ దగ్గరే ఉండాలి. 14 వారాల టీకాలు పూర్తయ్యాయో లేదో చూసుకోండి. 9 నెలలు నిండగానే తట్టు, రుబెల్లా మొదటి డోసుతో పాటు విటమిన్ ఏ చుక్కలు ఉంటాయి, రెండో డోసు 16 నుంచి 24 నెలల మధ్య. ఒక సంచిలో ఈ కార్డు, బిడ్డ బరువు రాసిన కాగితం, తల్లిదండ్రుల ఫోను నంబర్లు, కొంత డబ్బు సర్ది గుమ్మం పక్క మేకుకు తగిలించండి.

లంక గ్రామాల్లో, ఏటిగట్టు లోపల ఉన్నవారికి ఇంకొక మాట. 1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు 6 నాటి తుఫానును చూసినవాళ్లం, 2022 జూలైలో నీళ్లు మళ్లీ ఎంత వేగంగా వచ్చాయో కూడా చూశాం. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టాన్ని బట్టి మొదటి హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75 అడుగులకు, మూడోది 17.75 అడుగులకు ఇస్తారు. పడవ ఎక్కవలసిన ఊరైతే మొదటి హెచ్చరిక వినగానే బిడ్డను గట్టు దాటించి, తల్లి దగ్గరకో బంధువుల ఇంటికో పంపండి. రెండో హెచ్చరిక దాకా చూద్దామనుకుంటే తల్లి అవతలి ఒడ్డున, పాలు తాగే బిడ్డ ఇవతలి ఒడ్డున మిగిలిపోతారు.

ఎనిమిదో అడుగు: తల్లి ఇంట్లో ఉండగానే పది రోజుల సాధన

ఉద్యోగంలో చేరడానికి పది రోజుల ముందు నుంచి బిడ్డను మీకు అప్పగించి తల్లి మొదట గంటసేపు, తరువాత పూటంతా, చివరి రెండు రోజులు పూర్తిగా బయటకు వెళ్లాలి. ఏడుపు ఉంటుంది. బిడ్డ చూడకుండా దొడ్డిదారిన జారుకోవద్దని అమ్మాయికి చెప్పండి. చెప్పి వెళ్లి, చెప్పిన వేళకు తిరిగి వస్తే బిడ్డ త్వరగా కుదుటపడుతుంది. తల్లి వాడిన నూలు చీర ఒకటి మీ భుజాన వేసుకుంటే ఆ వాసనకే ఊరుకునే బిడ్డలున్నారు. ఏడుపు మాన్పించడానికి ఫోనులో బొమ్మలు చూపించవద్దు. అరుగు మీద కూర్చుని దారిన పోయే గేదెలను, కొబ్బరాకుల కదలికను చూపిస్తూ కబుర్లు చెప్పండి.

ఒక నోటుపుస్తకం పెట్టి పాలు పట్టిన వేళ, ఎంత, ఎన్నిసార్లు పాసు పోశాడు, ఎంతసేపు పడుకున్నాడు అన్నవి రాయండి. సాయంత్రం అలిసిపోయి వచ్చే తల్లికి ఆ పేజీ చాలా ధైర్యాన్నిస్తుంది. ప్రతి మూడు నెలలకు ఒకసారి మళ్లీ అందరూ కూర్చోవాలి. బిడ్డ బోర్లా పడ్డాక ఒక ఇల్లు, పాకాక ఒక ఇల్లు, నిలబడ్డాక ఇంకొక ఇల్లు కావాలి కనుక గేట్లు, తాళాలు మళ్లీ చూసుకోవాలి. మీ నడుము, మీ మోకాళ్లు ఎలా ఉన్నాయో కూడా ఆ రోజున దాచకుండా చెప్పండి. చేయలేకపోతున్నామని ఒక నెల ముందు చెబితే, 50 మంది లేదా అంతకు మించి పనిచేసే ఆఫీసులో ఉండవలసిన శిశు సంరక్షణ గది గురించి అడగడానికో, మనిషిని కుదుర్చుకోవడానికో అమ్మాయికి వ్యవధి దొరుకుతుంది.